గంజి వాసన కొట్టిన అక్వేరియం

2017 ఎండాకాలం. కొత్త జిల్లాలు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. జగిత్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక సందులో నాకు అక్వేరియం దుకాణం ఉంది. చేపలు అమ్మడం సులువే. అమ్మినవి బతికేలా చూడటమే అసలు పని. తొట్టి పెట్టించుకున్న ఇళ్ళకు స్కూటీ మీద వెళ్ళి, నీళ్ళు మార్చి, అద్దాలు గీకి, ఫిల్టర్ సర్ది రావాలి. పుట్టిల్లు కోరుట్ల కాబట్టి అటువైపు పనులు ఎక్కువ ఉండేవి. పెగడపల్లి, వెల్గటూర్ దాకా కూడా తిరిగేదాన్ని. "చాపలక్క అచ్చింది" అని పిల్లలు ఎదురొచ్చేవాళ్ళు. ఆ పిలుపు విని ఒకావిడ గిన్నె పట్టుకుని బయటికొచ్చి, కూరకు బొచ్చె చేపలు ఉన్నాయా అని అడిగింది కూడా.

ఈ పని గురించి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. అక్వేరియం అంటే అద్దాల పెట్టె, నీళ్ళు, చేపలు అనుకుంటారు. అసలు సంసారమంతా ఫిల్టర్ డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బాలో నింపే సరుకును మీడియా అంటాం. పైన స్పాంజి ఉంటుంది, అది చెత్తను ఆపుతుంది. కింద సిరామిక్ రింగులు, అంటే సన్నని రంధ్రాలున్న మట్టి ముక్కలు. ఆ రంధ్రాల్లో మేలుచేసే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా అనే విషాన్ని విరిచేది అదే. అది స్థిరపడటానికి వారాలు పడుతుంది. అందుకే మీడియాను మెరిసేట్టు తోమకూడదు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి పిండి పెట్టేయాలి. ఈ మాట చెబితే ఇల్లాళ్ళు నా వంక అనుమానంగా చూస్తారు. సగం మురికిగానే ఉంచమని చెప్పే పనివాళ్ళను వాళ్ళెక్కడా చూసి ఉండరు.

ఆ ఎండాకాలంలోనే సిరిసిల్ల నుంచి స్వరూప అనే అమ్మాయి దుకాణానికి వచ్చింది. తంగళ్ళపల్లిలో అంగన్‌వాడీ టీచరు. భర్త భివండిలో సాంచాల మీద పని. సాంచాలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట అది.

"అక్కా, మా బాపు ఒక్క కాడ కూసుండేటట్టు ఏమన్న చాపలుంటే ఇయ్యి" అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సాంచాల దుమ్ముకు బాపు దమ్ము ఖరాబైంది. గా దిక్కు పోతే ఇంక నా చేతుల లేదన్నడు డాక్టరు. సాంచాలు అమ్మేసినం. నేను పొద్దుగాల పోతే మాపటికి గాని రాను. ఇంట్ల ఒక్కడే. టీవీ పెడుదమంటే ఇనవడది. చాపలైతే సప్పుడు లేకున్నా సూస్కుంట ఉంటడని."

నాకు ఆ ఆలోచన బాగా నచ్చింది. ఆ వారమే తొట్టి తీసుకెళ్ళి బిగించాను.

వాళ్ళ సందు మలుపు తిరగగానే సాంచాల చప్పుడు కాళ్ళ కింది నుంచి పైకి వచ్చింది. వెనక సందులో కొందరివి ఇంకా నడుస్తున్నాయి. స్వరూప తండ్రి నర్సయ్యను నేను పెద్దబాపు అని పిలిచాను. సన్నటి మనిషి. మనం మాట్లాడుతుంటే చెవి దగ్గరికి తేడు, మన మూతికేసి చూస్తాడు. జీవితమంతా ఆ చప్పుడులో పనిచేసినవాళ్ళు పెదాలు చూసే మాట అర్థం చేసుకుంటారట. నేను ఫిల్టర్ సర్దుతుంటే పక్కనే కూర్చుని, స్పాంజిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"పోగు లేదు దీనికి. పోగు లేంది ఏం పట్టుకుంటది?" అన్నాడు.

"పట్టుకుంటది పెద్దబాపూ. నువ్వు సూస్కుంట కూసో, దీన్ని మాత్రం ముట్టకు" అన్నాను, పెదాలు బాగా కదిలిస్తూ.

గోల్డ్ ఫిష్‌లను వదిలాక ఆయన ముఖం చూడాలి. అవి నోళ్ళు తెరిచి మూస్తుంటే, "ఏమో ముచ్చట పెట్టుకుంటున్నయ్. మా సాంచాలకాడ మేము గిట్లనే మాట్లాడుకునేటోళ్ళం" అని మురిసిపోయాడు. నేను ఆ రోజు తిరిగొస్తూ దారంతా సంతోషంగా ఉన్నాను. ఎన్నో ఇళ్ళలో తొట్టి షోకేసు పక్కన షోకేసులా పడి ఉంటుంది. ఇక్కడ మాత్రం దాన్ని చూసే మనిషి దొరికాడు.

ఆ సంతోషం రెండు వారాలు కూడా నిలవలేదు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయని స్వరూప ఫోన్ చేసింది. వెళ్ళి మార్చి వచ్చాను. మళ్ళీ తెల్లబడ్డాయి, ఆ తర్వాత పచ్చబడ్డాయి. అద్దాల మీద ఆల్గే, అంటే పాచి, వెనకున్న చేపలు కనబడనంతగా పట్టింది. పాచికి కావలసినవి రెండే: వెలుతురు, నీళ్ళలో తిండి. కిటికీకి గుడ్డ కట్టించాను. లైటు వేసే సమయం తగ్గించాను. మేత చిటికెడే వేయమన్నాను. ఏం చేసినా లాభం లేదు. చేపలు ఒక్కొక్కటే పోతున్నాయి. నా కోపమంతా ఆ నీళ్ళ మీదే.

చిత్రమేమిటంటే, ఫిల్టర్ తెరిచిన ప్రతిసారీ స్పాంజి కొత్తగా తెల్లగా ఉండేది. అంత పాడైన నీళ్ళలో పనిచేసిన స్పాంజి గోధుమరంగుకు తిరగాలి. "కడుగుతున్నవా?" అని స్వరూపను అడిగాను. తాను ముట్టనే లేదంది. పెద్దబాపును అడిగితే సాంచాల చప్పుడు అడ్డమొచ్చినట్టు ముఖం పెట్టాడు.

చివరికి రెండు చేపలు మిగిలాయి. అవి నీళ్ళపైకి వచ్చి నోళ్ళు బార్లా తెరిచి గాలి కోసం ఎగబడుతున్నాయి. పెద్దబాపు ఈసారి ముచ్చట్లు అనలేదు. "వాటికి దమ్ము అందుతలేదు బిడ్డా. నాకు ఎర్కే గా బాధ" అన్నాడు.

గడప దాకా వచ్చి స్వరూప మెల్లగా చెప్పింది. "అక్కా, గీ రెండు గూడ పోతే బాపు ఆగడు. 'నా చేతుల ఏదీ బతుకది, నన్ను సాంచాల కాడికే పోనియ్యి' అంటుండు. పోతే ఏమైతదో నీకు తెల్సు గదా."

తెలుసు. ఆ రెండు చేపల మీద ఒక మనిషి ఊపిరి ఆధారపడి ఉందని తెలిశాక నాకు భయం వేసింది. బయటికి వచ్చేటప్పుడు చేయి కడుక్కోకుండా అలాగే వాసన చూశాను. మా పనిలో అది అలవాటు. చెడిన నీళ్ళకు బురద వాసన ఉంటుంది. ఈ నీళ్ళకు పుల్లటి వాసన ఉంది. పులిసిన గంజి వాసన. ఆ ఇంట్లో గంజి ఎవరు వారుస్తున్నారో నాకు అర్థం కాలేదు.

రెండ్రోజుల తర్వాత ఫోన్ చేయకుండా వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పెద్దబాపు బనీనుతో స్టూలు మీద నిలబడి ఫిల్టర్ డబ్బాలో చేయి పెట్టి ఉన్నాడు. నా స్పాంజి దండెం మీద ఆరుతోంది. డబ్బాలో దాని స్థానంలో నూలు ఉంది. తెగిన పోగులను ఒకదాని పక్కన ఒకటి పేర్చి, వరస మీద వరస చుట్టి, ఎక్కడా చిక్కు లేకుండా దిమ్మెలా కట్టాడు. ఉన్నమాట చెప్పాలి, అంత అందమైన ఫిల్టర్ మీడియా నేను అంతకుముందు చూడలేదు. ఆయన జుట్టు మీదా భుజాల మీదా తెల్లటి నూలు దుమ్ము ఉంది. నీళ్ళు ఎందుకు చెడుతున్నాయో, ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో ఒక్కసారే తెలిసింది.

సాంచా మీద తెగకుండా ఉండాలని పడుగు నూలుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెడతారు. ఆ గంజి నీళ్ళలో కరుగుతుంటే చెడ్డ బ్యాక్టీరియాకు పండగే. అది పెరిగి నీళ్ళను తెల్లగా చేస్తుంది, నీళ్ళలోని గాలిని తాగేస్తుంది. మిగిలిన తిండి పాచికి పోతుంది. నేను కిటికీలకు గుడ్డలు కడుతూ తిరిగితే ఏం లాభం?

"నీ స్పాంజి మంచిదే బిడ్డా" అన్నాడు, తప్పు చేసినవాడిలా కాకుండా పని చూపిస్తున్నవాడిలా. "కని పోగు లేదు. అందుకే నేను కట్టిన. నువ్వు అచ్చే దినం నీదే పెడుతున్న. తీసేసిన్నంటే నీ మనసు నొస్తదని."

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని అడిగాను. "గీ నూలు యాడిది పెద్దబాపూ?"

నా పెదాలు చూడకుండా ముఖం తిప్పుకున్నాడు. అంటే విన్నాడన్నమాట. "ఎనుక సందు సాంచాల కాడికి జెరంతసేపే పోతున్న. వాళ్ళకు పోగు తెగితే అతుకవెడుత. చేతులు ఊకోవు బిడ్డా. మా స్వరూపకు చెప్పకు" అన్నాడు.

ఆయన ముందు కూర్చుని గంజి సంగతి అంతా చెప్పాను. పెదాలతో, చేతులతో, రెండుసార్లు. వింటున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. పైకి వచ్చి నోరు తెరుస్తున్న చేపలను చూశాడు.

"గదే నూలు" అన్నాడు. "నాకు చేసిందే వాటికి చేసింది. నేనే చేసిన."

ఆ నూలు దిమ్మెను తనే తీసి బకెట్లో వేశాడు. నాకు చాలా బాధేసింది. మళ్ళీ స్పాంజి పెట్టి, ముట్టకు అని చెప్పి వచ్చేస్తే ఈయన రేపు పొద్దున ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. అందుకని ఒక బేరం పెట్టాను. పాలిస్టర్ పోగు నీళ్ళలో కుళ్ళదు, నూలులా దుమ్ము లేవదు. దాన్ని నేను తెచ్చి, వేడినీళ్ళలో ఉడికించి, గంజి, నూనె ఏమీ లేకుండా కడిగి ఇస్తాను. ఆయన ఇంట్లో కూర్చుని దిమ్మెలు కట్టాలి. నా దుకాణానికి అవి కావాలి. సాంచాల షెడ్డులో కాలు పెడితే మాత్రం బేరం లేదు. ఇక స్వరూపకు చెప్పడం నా పని కాదు.

"నువ్వే చెప్పాలె" అన్నాను.

ఆ సాయంత్రం ఆమె వచ్చేదాకా ఉన్నాను. పెద్దబాపు చెప్పాడు, ఏమీ దాచకుండా. స్వరూప భుజం మీది సంచి కూడా దించలేదు. తిడుతుందనుకున్నాను. తండ్రి జుట్టులోని దుమ్ము చేత్తో దులిపి, నా వైపు తిరిగి, "కండ్లకు పని దొరికితే సాలనుకున్న అక్కా. చేతుల ముచ్చట నాకు తట్టలే" అంది. అప్పుడు ఏడ్చింది.

తర్వాతిది మా పని. మా దుకాణం తొట్టిలో ముదిరిన సిరామిక్ రింగులు కొన్ని తెచ్చి వేశాను. వాటిలోని బ్యాక్టీరియా కొత్త వాటికి పాకుతుంది, పెరుగుకు తోడు పెట్టినట్టే. సగం నీళ్ళు మార్చాను, కొన్నాళ్ళు లైటు ఆర్పించాను. నీళ్ళు నెమ్మదిగా తేటపడ్డాయి. రెండు చేపలూ బతికాయి.

పెద్దబాపు ఒక చెక్కకు మేకులు కొట్టుకుని దాని మీద పాలిస్టర్ పోగు అల్లడం మొదలుపెట్టాడు. పైవైపు వదులుగా, కిందికి పోనుపోను బిగువుగా. అలా అయితే పెద్ద చెత్త పైన, సన్న చెత్త కింద ఆగుతుంది. అది నేను చెప్పింది కాదు, నాలుగు దిమ్మెలు పాడుచేసుకుని ఆయన పట్టుకున్నదే. నేను వెళ్ళినప్పుడల్లా చాయ్ తెప్పించి, బజారులో దొరికే స్పాంజీలను ఒకటొకటిగా తీసి తిట్టేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆ సందులో చప్పుడు కూడా తగ్గింది. అటువైపు పనిపడితే బండి కాస్త మెల్లగా పోనిస్తాను. ఆ చాయ్, ఆ తిట్లు, మూతి కదిలించి చెప్పే ముచ్చట్లు గుర్తొస్తాయి.

ఆయన కట్టినవి చాలా చోట్ల పెట్టాను. కోరుట్లలో ఒక ఆసుపత్రి హాల్లో తొట్టి ఉండేది, అందులోనూ పెట్టాను. స్వరూప అత్తగారిది కోరుట్లే. పెద్దబాపు ఉన్న రోజుల్లో ఒకసారి వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆయనకు దగ్గు ఎక్కువైతే ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళింది. ఆ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో ముందు తెలియలేదు.

"అక్కా, పేరు పిలిస్తే బాపు లోపలికి రాడు. తొట్టి మూత తీసి నిలవడ్డడు. నర్సు వద్దంటే ఇంటలేడు. గిది నేను కట్టిందే, కిందిది మీదికి తిప్పి వెట్టిన్రు అంటడు. ఆఖరికి డాక్టర్ సారే బయటికి అచ్చిండు. పెద్దాయన ఏం పని చేస్తడమ్మా అని నన్ను అడిగిండు. ఏం లేదు సార్, ఇంట్లనే ఉంటడని చెప్పవోయిన. బాపు సారు మూతి సూసి, నాకన్న ముందే చెప్పిండు. 'చాపల తొట్లకు వడపోతలు కడుత సార్' అని."

ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తుంటారు. ఇంట్లో పెద్దమనిషి ఖాళీగా ఉంటున్నాడు, చూస్తూ కూర్చుంటాడు, ఒక తొట్టి ఇవ్వమంటారు. తొట్టి ఎంత పెద్దది కావాలో, ఏ చేపలు కావాలో తర్వాత అడుగుతాను. ముందు, "ఆయన ఏం పని చేసేటోడు?" అని అడుగుతాను.