ఆడ గడ్డిదోమ పేరు

మా పిన్ని మ్యూజియంలో పురుగుల గదిలో పనిచేసేది. పచ్చికలో గెంతుతూ గడ్డి రసం పీల్చే, బియ్యపు గింజంత కూడా లేని గడ్డిదోమలు ఏ జాతివో తేల్చడం ఆవిడ పని. మగదైతే పొట్ట చివర మైక్రోస్కోపులో చూసి చెప్పేయొచ్చు. ఆడవన్నీ ఒక్కలాగే ఉంటాయని "పేరు తెలియదు" అని రాసిన డబ్బాలో పడేసేవారు. తప్పనిసరైతే ఆడదాన్ని గడ్డికుండీలో పెంచి, దాని కొడుకులను చూసి పేరు పెట్టేవారు.

"కొడుకు పుడితేగానీ తల్లికి పేరు రాదా?" అంది పిన్ని, ఒళ్లు మండి.

"ఎప్పట్నుంచో ఇంతేనమ్మా," అన్నాడు ఆఫీసరు.

కొడుకులను పక్కనపెట్టి, కుండీల్లో పెంచి పేరు తేల్చిన తల్లులనే ముందేసుకుని పిన్ని ఆరేళ్లు కూర్చుంది. చివరికి ఒక జాతి ఆడవాటి నుదుటిమీద, మిగతా వేటికీ లేని సన్నని తెల్లగీత కనిపించింది. ఆ రోజు ఆ పురుగు చీటీమీద ఇలా రాసింది: "ఆడది. ముఖం చూసి గుర్తుపట్టాను."