కడ్డిపుడి పొగాకు కాదట

జ్యోతికి ఒక గర్వం ఉంది, దాన్ని ఆమె దాచుకోదు. కోడలిగా బెళుగుప్పకు వచ్చిన పద్నాలుగేళ్ళలో పశువుల లెక్క నుంచి పింఛన్ల సర్వే దాకా చేసింది, ఒక్క గడపా ఆమెను ఉత్త చేతులతో పంపలేదు. మొగుడు వేరుశనగను నమ్ముకుంటే, ఆమె తన నోటిని నమ్ముకుంది. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఇల్లు గడిచింది ఆ నోటి వల్లే.

ఈసారి పొగాకు సర్వే. పెద్దవాళ్ళు ఎంతమంది వాడుతున్నారో తేలితే దేశంలో ఎక్కడ ఏం చెయ్యాలో ప్రభుత్వం చూసుకుంటుందట. పక్కనున్న ఒక చిన్న ఊరిని రెండు రోజుల్లో దాదాపు ముగించేసింది. మగవాళ్ళు చెవి మీద బీడీతోనే ఒప్పేసుకున్నారు. ఆడవాళ్ళలో మాత్రం వాడేది ఒక్కరూ తేలలేదు.

"ఈ ఊర్లో ఆడోళ్ళు బంగారం జ్యోతమ్మా!" అన్నాడు సూపర్‌వైజర్ ఓబుళేసు.

ఆఖరి ఇల్లు తిప్పమ్మది. ఒక బుగ్గ ఉబ్బించుకుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, పొగాకు వాడతావా?"

"థూ! పొగ తాగేది మొగోళ్ళు. నాకేం కర్మ?"

"మల్ల ఆ నోట్లో ఏముండాది?"

"కడ్డిపుడి. ఆకువక్కలోకి అది లేకుంటే నోరు సప్పగుంటాది."

జ్యోతికి అప్పుడు తట్టింది. కడ్డిపుడి అంటే పొగాకు కాడలు దంచిన పొడే. కానీ పొగ రానిదాన్ని పొగాకని ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? ముప్పై మంది చేత తనే అబద్ధం చెప్పించింది. సొంత అత్త సంచిలో ఆ పొట్లం రోజూ చూస్తూ కూడా! తన మీద తనకే ఒళ్ళు మండింది.

"రేపు కళ్యాణదుర్గం పోవల్ల కదమ్మా," సంగతి విని ఓబుళేసు నసిగాడు. "రాసింది రాసినట్టు పంపిద్దాం. ఎవురు సూసొచ్చినారు?"

"నేను సూసినా కదన్నా! ఇది ఇట్లే పోతే, ఈడ ఆడోళ్ళకు ఏ బాధా లేదనుకుంటారు పైన. ప్రశ్న మార్చను, కడ్డిపుడి లాంటి పేర్లు చెప్పి మల్లా అడుగుతా. నువ్వు పో, నేను ఆటోలో వస్తా."

ఆమె మొండితనం ఓబుళేసుకు కొత్త కాదు. ఆఫీసుకు ఫోన్ చేసి ఇంకో రోజు అడిగి పుచ్చుకున్నాడు.

మళ్ళీ తిప్పమ్మతోనే మొదలుపెట్టింది. "వాడతాను" అని నొక్కగానే, లేదన్నవాళ్ళకు రాని ప్రశ్నలన్నీ ట్యాబ్‌లో వరసగా తెరుచుకున్నాయి. ఎన్నేళ్ళ నుంచి? నలభై. రోజుకు ఎన్నిసార్లు? తిప్పమ్మ వేళ్ళు మడిచి, చాలక నవ్వేసింది.

"మానల్లని ఎప్పుడన్నా అనుకున్నావా అవ్వా?"

తిప్పమ్మ నవ్వు ఆగింది. కాయలు ఒలిచే చేతులూ ఆగాయి.

"బుగ్గలో పుండు లేసినప్పటి నుంచీ దినామూ అనుకుంటాండా. నన్ను ఈ మాట అడిగినోళ్ళు యాడున్నారమ్మా ఇన్నాళ్ళూ?"