సూర్యుడికి గీసిన గీత

నా చిన్నప్పుడు సాయంత్రమంటే నాకు పడేది కాదు. గుడియాత్తంలో మా వీధి పిల్లలందరూ పొద్దు వాలితే ఆటలకు బయటికి వచ్చేవారు. నేను మాత్రం గడపలో కూర్చుని ఎండ వెళ్ళిపోవడం చూస్తూ దిగులుపడేదాన్ని. మా అమ్మకు గుండె జబ్బు. పగలు దిండుకు ఆనుకుని కాస్త నవ్వుతూ మాట్లాడేది. రాత్రయితే ఊపిరి అందక కూర్చునే తెల్లవార్చేది. వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోతే చాలా ఆలస్యమైందన్నారట. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా, వెలుతురు ఉన్నంతసేపూ అమ్మ బాగుంటుందనే.

మా నాన్న మేస్త్రీ. పొద్దున్నే వేలూరు బస్సెక్కి కట్టడం పనికి వెళ్ళి, చీకటి పడ్డాకే వచ్చేవాడు. మంచం పట్టిన అమ్మకు ఎండ కనబడాలని ఒక ఆదివారం ఇంటి కప్పులో మట్టి పెంకు ఒకటి తీసి గాజు పెంకు పెట్టాడు. దానిలోంచి పలకంత ఎండ పొద్దున గోడ మీద పడి, మెల్లగా అమ్మ మంచం మీదికి జరిగి, మధ్యాహ్నం దాటాక నేలకు దిగి, తలుపు దగ్గర మాయమయ్యేది.

నా ఎడమ కాలు పసితనంలోనే చచ్చుపడింది. బడి దూరం. అందుకని మా తాతే, అంటే అమ్మకు నాన్న, ఇంట్లో నాకు చదువు చెప్పాడు. ఆ తమిళ ఊళ్ళో మా వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే కాని చదవగలవాళ్ళు తక్కువ కాబట్టి, ఆదివారం చర్చి ఆరాధనలో వాక్యం ఆయనే చదివేవాడు. ఒక వారం ఆయన చదివిన భాగంలో, ఒక దైవసేవకుడు ప్రార్థిస్తే సూర్యుడు ఆకాశం నడుమ నిలిచిపోయాడని విన్నాను. ఆ తరువాత ఆయన చదివింది నా చెవికెక్కలేదు.

మరునాడు ఎండ మంచం దిగి నేల మీదికి రాగానే, దానికి అడ్డంగా సుద్దముక్కతో గీత గీశాను. కాలు పక్కకు చాపుకుని, దీన్ని దాటనివ్వొద్దు ప్రభువా అని కళ్ళు మూసుకున్నాను. అమ్మకు గంజి తెచ్చిన పక్కింటి అక్క చూసి నవ్వింది.

"ఏమే, సూర్యుడికే గీత గీసినావా? దాటితే ఏం చేస్తావు, పోలీసును పిలుస్తావా?"

"దాటడు" అన్నాను.

దాటాడు. కళ్ళు తెరిచేసరికి ఎండ గీతకు అవతల ఉంది. ఇంకొంచెం ముందు మరో గీత గీశాను. అదీ దాటింది. అట్లా తలుపు దాకా గీతలు గీసుకుంటూ పాకాను. నా విశ్వాసం చాలలేదు కాబట్టే అమ్మకు మళ్ళీ రాత్రి వస్తోందని వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పుడే లోపలికి వచ్చిన తాత నేల వంక చూశాడు, నా వంక చూశాడు. అక్క ఏదో చెప్పబోతే చేత్తో ఆపాడు.

"ఎందుకమ్మా ఏడస్తా ఉండావు?"

"సూర్యుణ్ణి ఆపమంటే దేవుడు ఆపలేదు తాతా."

తాత నా పక్కన కూర్చున్నాడు. "ఆపే ఉండాడమ్మా. నువ్వు అడగకముందే."

అప్పుడు చెప్పాడు ఆ కథ. వందల ఏళ్ళ కిందట పోలండు దేశంలో ఒక పెద్దమనిషి ఉండేవాడట. ఆయనా దేవుని మందిరంలో పనిచేసినవాడే. పేరు నోరు తిరగక మా తాత 'పోలండు అయ్యగారు' అనేవాడు. భూమి కదలదనీ, సూర్యుడే మన చుట్టూ తిరుగుతాడనీ లోకం నమ్మిన రోజుల్లో, ఆయన ఏళ్ళ తరబడి ఆకాశం చూసి, లెక్కలు కట్టి, నడుమ ఉన్నది సూర్యుడే, తిరిగేది మనమే అని తేల్చాడట.

"అయితే ఆదివారం చదివిందేంది పెద్దాయనా?" అంది అక్క.

"అది అడిగినాయన నమ్మకం. ఇది దేవుడు చేసిన తీరు. నాకు రెండూ కావాల తల్లీ. రా, మంచం పట్టు."

ఇద్దరూ కలిసి అమ్మతో సహా మంచాన్ని గది నడుమకు జరిపారు. తాత నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని మంచం చుట్టూ నడిచాడు. నడుస్తూ తన చుట్టూ తాను గిర్రున తిరిగాడు. అమ్మ ముఖం కనబడితే పగలన్నాడు. గోడ కనబడితే రాత్రన్నాడు. గోడ ఎదురుగా ఉన్నప్పుడు ఆగి అడిగాడు.

"ఇప్పుడు నీకు అమ్మ కనపడలేదు. యాడికన్నా పోయిందా?"

"లేదు. మంచం మీదే ఉండాది."

"మరి?"

"మనమే తిరిగినాము."

అమ్మ ఆయాసపడుతూనే నవ్వింది. "దీపం పెట్టే ఓపిక లేనిదాన్ని, నన్ను సూర్యుణ్ణి చేసినావా నాయనా!" తరువాత ఊపిరి తీసుకుని అడిగింది. "ఆ అయ్యగారి మాట అప్పుడు నమ్మినారా?"

"నవ్వుతారని చాలా ఏండ్లు దాచుకున్నాడంట. పుస్తకం అచ్చయి వచ్చేటప్పటికి మంచంలో ఉన్నాడంట, పావం."

"చూసుకున్నాడా?"

"చేతిలో పెట్టినారంట అమ్మా. చూసినాడో లేదో దేవుడికే తెలుసు."

అమ్మ నా వైపు తిరిగింది. నా వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేను రాత్రులకు భయపడితే, అమ్మ పట్టపగలే వెళ్ళిపోయింది. వాన వెలిసిన ఒక ఉదయం, గాజు పెంకు ఎండ ఎప్పటిలాగే ఆమె మంచం మీద పడి ఉంది. సమాధుల తోట నుంచి తాత నన్ను భుజం మీదే తీసుకొస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి అమ్మను పూడ్చిన పచ్చి మట్టినే చూస్తున్నాను. గోడ మలుపు తిరగగానే అది కనుమరుగైంది.

"తాతా, అమ్మ యాడికీ పోలేదు కదా? మనమే తిరిగినాము కదా?"

తాత ఆగిపోయాడు. నా కాళ్ళు గట్టిగా పట్టుకుని మళ్ళీ నడిచాడు. ఇంటికొచ్చేదాకా నా కింద ఆయన భుజాలు ఏడుపుతో కదిలిపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు వేలూరులో ఉంటున్నాను. తాత వయసు దాటేశాను. నాన్న పెట్టిన గాజు పెంకు కోసం, అక్క తెచ్చిన గంజి కోసం, ఆ భుజం కోసం నేను దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు. అయినా ఆ కథ నా దుఃఖాన్ని తీసేసిందని చెప్పలేను. సాయంత్రం మేడ మీద కుర్చీ వేసుకుంటాను. కొండల వెనక వెలుగు తగ్గుతుంటే ఈనాటికీ గుండెలో దిగులు కదులుతుంది. కింద నుంచి మనవరాలు "పొద్దు పోయింది, దిగిరా అవ్వా" అని పిలుస్తుంది. వస్తున్నానంటాను కాని, వెంటనే లేవను. మంచం అక్కడే ఉంది, అమ్మ అక్కడే నవ్వుతోంది, నా ముఖం గోడ వైపు తిరిగిందంతే అనుకుంటూ, చీకటి పూర్తిగా పడేదాకా కూర్చుంటాను.