ఉపవాసం పేరుతో మానేసిన మాత్రలు

ఆ ఆదివారం రాజమండ్రిలోని మా కాలేజీ హాస్టల్ చాపెల్‌లో పూజ జరుగుతోంది. కీర్తన నేనే పాడుతున్నాను. రెండో చరణం మధ్యలో కుడి డొక్కలో పొడిచినట్టయి ఊపిరి అందలేదు. నేను ఆగిపోగానే పక్కనున్న నా రూమ్మేట్ రోజ్‌మేరీ అందుకుని చక్కగా ముగించింది. హాస్టల్ నడిపే సిస్టర్ గారు మెచ్చుకోలుగా తల ఊపడం చూశాను. ఆ నొప్పి కన్నా అదే ఎక్కువ బాధించింది.

సాయంత్రానికి జ్వరం, పొడి దగ్గు. గొంతు పట్టేసిందని రెండు వారాలు అందరికీ బుకాయించాను. చివరికి మండపేట రైస్‌మిల్లులో పనిచేసే మా నాన్న వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"ప్లూరల్ ఎఫ్యూజన్ అండి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది" అన్నారు డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి. సూదితో నీరు తీసి పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. "ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకూడదమ్మా. పాటలు కొన్నాళ్ళు ఆపు" అన్నారు. నాన్న అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. నాకు మాత్రం ఒకటే దిగులు, ఈస్టర్ పూజలో కీర్తన ఎవరు పాడతారని.

కొన్ని వారాల తర్వాత, నా వల్ల ఎవరికీ అంటుకోదని డాక్టర్ గారు రాసిచ్చాక హాస్టల్‌కి తిరిగొచ్చాను. అప్పటికే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సు కాలం మొదలైంది. నా చోట రోజ్‌మేరీ నిలబడి పాడుతోంది. అది చాలదన్నట్టు విశ్వాసుల ప్రార్థనలో, "మా సహోదరి స్టెల్లా ఆరోగ్యం కొరకు ప్రభువును ప్రార్థించుదము" అని చదివింది. నా జబ్బు కూడా ఆమెకే మైకు ఇచ్చిందని ఒళ్ళు మండిపోయింది.

పాటలో వెనకబడ్డా భక్తిలో ఆమెను మించాలనుకున్నాను. బుధ, శుక్రవారాలు ఒంటిపూట భోజనంతో ఉండేదాన్ని. ఖాళీ కడుపున ఆ మాత్రలు వేసుకుంటే వాంతి వచ్చేది, అందుకని ఆ రోజుల్లో మానేశాను. పొద్దున పూజలో అందుకునే దివ్యసత్ప్రసాదం కంటే ముందు నాలిక మీద ఏదీ పడకూడదని నానమ్మ చెప్పిన మాట సాకుగా దొరికింది. "జబ్బు మనిషివి, నీకెందుకమ్మా ఉపవాసం? తిను" అని సిస్టర్ గారు బతిమాలుతుంటే, రోజ్‌మేరీ వింటోందా లేదా అని చూసేదాన్ని.

ఐదో వారంలో మళ్ళీ జ్వరం. స్కానింగ్‌లో మళ్ళీ నీరు. డాక్టర్ గారు నా మాత్రల స్ట్రిప్పులు అడిగి తీసుకున్నారు.

"ఇవి ఎందుకు మిగిలాయమ్మా?"

"తపస్సు కాలం కదండీ..."

"ఇలా మానేస్తూ పోతే మందులు పనిచేయడం మానేస్తాయి. అప్పుడు నేను కూడా ఏం చేయలేను."

చచ్చిపోతానేమోనని మొదటిసారి భయమేసింది.

చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి అంతా చెప్పాను. "మందు మింగితే ఉపవాసం పోదమ్మా. అసలు బాధ అది కాదనుకుంటాను" అన్నారాయన. రోజ్‌మేరీ అంటే కుళ్ళని ఒప్పేసుకున్నాను. ఆయన వేసిన ప్రాయశ్చిత్తం ఏంటంటే, మందుల కోర్సు అయ్యేదాకా రోజూ ఆమె ఎదుటే మాత్రలు మింగడం.

జపమాల వెయ్యిసార్లు చెప్పమన్నా ఇంత కష్టమయ్యేది కాదు. పొద్దున్నే ఆమె గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడేది. నేను మొహం పక్కకు తిప్పుకుని మింగేదాన్ని. ఈస్టర్ కీర్తన ఆమే పాడింది. చివరి బెంచీలో కూర్చుని, ఎక్కడైనా శ్రుతి తప్పుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. తప్పలేదు.

ఆఖరి మాత్ర మింగిన రోజు రోజ్‌మేరీ నా మంచం మీద కూర్చుంది. "నీకొకటి చెప్పాలే. నువ్వు బాగుపడాలని రోజూ ప్రార్థన చేశాను. కానీ ఈస్టర్ అయ్యాకే బాగుపడాలని అడిగేదాన్ని" అంది తల దించుకుని.

కొట్టాలనిపించింది. ఆమె చోట ఉంటే నేనూ అదే అడిగేదాన్నని తెలిసి ఊరుకున్నాను.

ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాను. ఒక ఆదివారం నేను, ఒక ఆదివారం ఆమె పాడుతున్నాం. పొడవాటి చరణానికి నాకు రెండుసార్లు ఊపిరి కావాలి. ఆమె వంతు వచ్చినప్పుడు ఇప్పటికీ మండుతుంది.

ఇలాంటి మందులు వాడుతున్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. రోజూ ఎవరో ఒకరు చూస్తుండగా మాత్రలు మింగండి. వాళ్ళు మీకు నచ్చినవాళ్ళే కానక్కర్లేదు. నన్ను బతికించింది నేను ఓర్వలేని మనిషే.