ముగ్గురు లక్ష్ములు ఒక్కరు కాదన్న పద్మక్క

నిన్న పొద్దున బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది.

పద్మక్క పోయిందట. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయేలోపే.

చౌటుప్పల్‌లో దిగాల్సినదాన్ని, స్టాప్ దాటిపోయాక గానీ తేరుకోలేదు.

తెలియనివాళ్లకు చెప్తున్నాను. కొత్తకోట వైపు ఒక చిన్న సర్కారు దవాఖానలో పద్మక్క కాంట్రాక్ట్ కంప్యూటర్ ఆపరేటర్. నా మొదటి ఉద్యోగం ఆమె పక్క కుర్చీలోనే.

అప్పుడు హైదరాబాద్ నుంచి ఒక ఎక్స్‌పర్ట్ సార్ వచ్చాడు. గర్భిణుల వివరాలను ఎక్సెల్ షీట్ల నుంచి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడం ఆయన పని. మేం ఏం అడిగినా నవ్వేవాడు. ఆ నవ్వుకే జీతం ఇస్తున్నారేమో అనిపించేది.

ఒక్క పూటలో లోడ్ చేసి, "జీరో ఎర్రర్స్" అని ల్యాప్‌టాప్ మూశాడు.

మూడో రోజు పద్మక్క కాగితం రిజిస్టర్ తీసి లెక్కపెట్టింది. అందులో నలభై ముగ్గురు. కొత్త టేబుల్‌లో నలభై ఒక్కరు.

"డూప్లికేట్స్ తీసేశానమ్మా. ఒకే లక్ష్మి మూడుసార్లు ఉంది" అన్నాడు.

"ఒకామె కాదు సార్. ఒక్క ఊర్లనే ముగ్గురు లక్ష్ములున్నరు. ఇంటిపేరు గూడ ఒక్కటే. మీరు తీసేసిన ఇద్దరిల ఒకామెకు ఎనిమిదో నెల, బీపీ ఉన్నది."

"ఫార్మాట్ సరిగ్గా ఇవ్వాల్సింది మీరే" అని ఆయన టిఫిన్‌కు పోయాడు.

చెకప్‌కు పిలవాల్సినవాళ్ల లిస్ట్ అప్పటికే ఆ టేబుల్ నుంచే ఊళ్లకు పోయింది. పద్మక్క ఆ ఊరి ఆశా వర్కర్‌కు ఫోన్ చేసింది. "జర ఇప్పుడే పోయి చూసిరా" అంది.

ఆ ఎనిమిదో నెల లక్ష్మి కాళ్లు వాచి ఉన్నాయి. రెండు రోజులుగా తలనొప్పి. లిస్ట్‌లో ఉన్నది వేరే లక్ష్మి, తన పేరు లేదని చెకప్‌కు రాలేదట. అంబులెన్స్‌లో మహబూబ్‌నగర్ పంపించారు. తల్లీ బిడ్డా దక్కారు.

మర్నాడు అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అసలు షీట్‌ను ముట్టకు చెల్లె, కాపీ మీద చెయ్యి. పేరును నమ్మకు, మనిషికో నంబర్ ఇయ్యి. ముందుగాల పది వరుసలే ఎక్కియ్యి. కాగితంతోని సరిచూసినంకనే మిగిలినయి."

ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగమంతా ఈ మాటలే.

తర్వాత ఒక మీటింగ్‌లో ఎక్స్‌పర్ట్ సార్ ఇవే మాటలను స్లైడ్స్ మీద తన పద్ధతిగా చూపించాడు. శాలువా కప్పారు. అక్కను పిలవనే లేదు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

నిన్న ఆయనే ఆఫీసు వాట్సాప్ గ్రూప్‌లో పోస్ట్ పెట్టాడు. "మా టీమ్ సభ్యురాలు పద్మావతి గారు, తీరని లోటు" అని.

ఆమె పేరు పద్మమ్మ సార్.

దాని కింద పెద్దసార్లంతా దండాల బొమ్మలు పెట్టారు. ఆమె కాంట్రాక్ట్ పొడిగించమన్న అర్జీ మీద సంతకానికి వీళ్లలో ఒక్కరికీ పెన్ను దొరకలేదు.

పోయిరా అక్కా. ఇగ ఎవ్వరి తప్పులు దిద్దే పని లేదు నీకు.

నీ పానానికి నెమ్మది దొరకాలె.