నీళ్ల మంత్రి వేసిన ఒట్టు

మొన్న సూర్యాపేట నుంచి మా అమ్మాయి ఫోన్లో ఒక ఫోటో పంపింది. మూడో తరగతి చదివే మనవరాలు భుజం మీదుగా ఎర్రపట్టీ వేసుకుని, తరగతి నాయకురాలినంటూ నవ్వుతోంది. చూసి మురిసిపోవలసిన దాన్ని, ముందు ఎవరు ఎన్నుకున్నారని అడిగాను. మిస్సే ఎంపిక చేసిందట. అంతమందిలో దీన్నే ఎందుకు ఎంపిక చేసింది, మా అల్లుడేమైనా ఆ బడికి సాయం చేశాడా అన్న ప్రశ్న నోటిదాకా వచ్చింది గాని మింగేశాను. ఏం చెయ్యను, ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. పల్లెటూరి బడుల్లో పనిచేసిన వాళ్లకు ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు.

తెలంగాణ రావడానికి చాలా ఏళ్ల ముందు సంగతి. పుట్టిల్లు కోదాడ, కాపురం మిర్యాలగూడ, ఉద్యోగమేమో నేరేడుచర్ల అవతల ఒక చిన్న ఊళ్లో. షేర్ ఆటోలో వడ్ల బస్తాల మధ్య ఇరుక్కుని రోజూ వెళ్లి వచ్చేదాన్ని. ఒకనాడు మా హెడ్మాస్టరు, పిల్లలకు ప్రజాసేవ అలవాటు కావాలి, బడిలో మంత్రివర్గం పెడదామన్నారు. ఎన్నడూ సుద్దముక్క కూడా అడిగితే తప్ప ఇవ్వని మనిషికి ఇంత ఉత్సాహం ఎందుకొచ్చిందా, పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తున్నారా అని నేను లోలోపల ఆరా తీస్తూనే ఉన్నాను.

ఓటుకు చింతగింజలు. పోటీ చేసేవారి పేరున తలా ఒక డబ్బా పెట్టి, తరగతి గదిలోకి ఒక్కొక్కరినే పంపి గింజ వేయించాం. నీళ్ల మంత్రి పదవికి ఊరి సర్పంచి తమ్ముడి కొడుకు, గొర్రెలు కాసే ఇంటి పిల్ల పోటీపడ్డారు. ఇద్దరూ అయిదో తరగతే. పిల్ల గెలిచింది. జేబులో గింజలు తెచ్చి వేశారేమోనని నేను మళ్లీ లెక్క పెట్టించాను, తేడా ఏమీ లేదు.

ప్రమాణం చేయించేటప్పుడు హెడ్మాస్టరు దైవసాక్షిగా అనమంటే, ఆ పిల్లకు అది చాలినట్టు లేదు. తమ ఇంటి దేవుణ్ణే పిలుచుకుని, "లింగమంతుల సామి మీద ఒట్టు, మన బడికి మంచినీళ్లు తాపిస్త" అంది. మేమంతా నవ్వాం. గొర్రెల మందలున్న ఇళ్లలో ఆ దేవుడి మీద ఒట్టంటే ఏమిటో మాకెవ్వరికీ తెలియదు.

బడికి నీళ్లొచ్చే ట్యాంకు ఎన్నాళ్లుగా కడగలేదో ఏమో, కుళాయి తిప్పితే పాచి వచ్చేది, పిల్లలు కడుపునొప్పని ఇళ్లకు పోయేవారు. మర్నాడు బడికి రాకముందే ఆ పిల్ల, ట్యాంకు కడిగించమని పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. సర్పంచి రేపు చూద్దామన్నాడు. రేపూ కూర్చుంది, ఎల్లుండి ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని మరీ కూర్చుంది. ఊళ్లో జనం నవ్వడం మొదలుపెట్టేసరికి సర్పంచికి తల కొట్టేసినట్టయింది.

ఇక చూడండి అనుమానాలు. మిర్యాలగూడ నుంచి వచ్చే టీచరమ్మను ఎదుటి పార్టీ వాళ్లు తమవైపు తిప్పుకున్నారని సర్పంచికి నామీద. ఇదంతా నడిపించి నన్ను ముందుకు తోస్తున్నారని నాకు హెడ్మాస్టరు మీద. రేపటి వార్డు మెంబరు పదవికి బిడ్డతో దారి వేయించుకుంటున్నాడని హెడ్మాస్టరుకు ఆ పిల్ల తండ్రి మీద. పిల్లకే తోచిందేమోనని మాత్రం ఒక్కరం అనుకోలేదు. సర్పంచి ఆ తండ్రిని పిలిచి, టీచరే పంపిందని పిల్లతో చెప్పించకపోతే నీళ్లు తగ్గిన చెరువు శిఖం నేలలో గొర్రెలను మేపనివ్వనన్నాడట. చెప్పిస్తే నన్ను ఎక్కడికో దూరం బదిలీ చేయిస్తారు. అప్పటికి నా బిడ్డ చంటిది.

బడి వరండాలోనే విచారణ పెట్టారు. "ఎవరు నేర్పిండ్రు బిడ్డా? బుగులు పడకు, పేరు సెప్పు" అన్నాడు సర్పంచి. తండ్రి తల ఎత్తలేదు. పిల్ల నావైపు చూసింది. నా పేరే చెబుతుందనుకున్నాను.

"ఎవ్వరు నేర్పలే. నేనే ఒట్టేసిన గద" అంది.

వెనకాల నుంచి వాళ్ల నాయనమ్మ గొంగడి సర్దుకుంటూ ముందుకొచ్చింది. "ఒట్టు తప్పితే మా మంద మీదికొస్తది. శిఖంల మేపనియ్యకుంటే ఇంకోకాడ మేపుకుంటం. గీ ఒట్టు నువ్వు మీదేసుకుంటవా సర్పంచా? వేసుకుంటనను, పిల్లను ఇంటికి తీస్కపోత" అంది.

ఎవరూ నవ్వలేదు. లింగమంతుల సామి జాతరకు సర్పంచి కూడా కుటుంబంతో వెళ్లేవాడే. కండువా దులుపుకుని లేచిపోయాడు. రెండు రోజుల్లో ట్యాంకు కడిగించి, దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు. ఆ పిల్ల ఫోటోలో లేదు. కుళాయి దగ్గర గ్లాసు పట్టుకుని, మొదటి గుక్క తను తాగి, కాసేపు ఆగి, అప్పుడు చిన్న పిల్లలను వరుసలో రమ్మంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మరుసటి ఏడు మా బడిలో ఎన్నికలు లేవు. గొడవలెందుకని హెడ్మాస్టరే బుద్ధిమంతులైన పిల్లలను ఎంచి మంత్రులను చేశారు. వాళ్లు చక్కగా ప్రమాణం అప్పజెప్పారు, చప్పట్లు కొట్టించుకున్నారు, ఏ ఆఫీసు మెట్ల మీదా కూర్చోలేదు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి బడిలోనూ అదే పద్ధతి. ఇప్పుడు పిల్లలకు నాయకత్వం గురించి మాకంటే ఎంతో బాగా చెబుతున్నారు, పిల్లలూ వేదికలెక్కి బెదురు లేకుండా మాట్లాడుతున్నారు, సంతోషమే. కాని ఇన్నేళ్లలో ఏ పిల్లను చూసీ, దీని వెనక ఎవరున్నారని ఏ పెద్దమనిషీ భయపడి మా బడిదాకా రాలేదు. నాకు దిగులంతా అదే.