బాబాయి ముఖం చూసుకునే నాణెం

మా బాబాయికి సెలూన్ ఉంది. గోడల నిండా అద్దాలే. అయినా ఆయన మురిసిపోతూ ముఖం చూసుకునేది మాత్రం ఒక నాణెంలో. అది చలామణీకి కాకుండా సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించిన ప్రూఫ్ నాణెం.

"పెళ్లినాడు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు మీరు," అని పిన్ని దెప్పేది.

ఒకరోజు ఆయన దాన్ని డబ్బీలోంచి తీసి, అలమర మీద మరిచిపోయాడు. పిన్ని చిల్లర అనుకుని కూరగాయల కొట్లో ఇచ్చేసింది. ఆ మాట చెవిన పడగానే బాబాయి, సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి పరుగెత్తాడు.

కొట్టతను గల్లాపెట్టె బోర్లించాడు. అన్నీ తళతళలాడే కొత్త నాణేలే.

"ఇందులో మీదేదో ఎలా తెలుస్తుందండీ?" అంది వెనకే వచ్చిన పిన్ని.

"మామూలు కొత్త నాణెం అంతా ఒకేలా మెరుస్తుందే. ప్రూఫ్ నాణెం అయితే చుట్టూ అద్దంలా ఉంటుంది, మధ్యలో బొమ్మ పిండి చల్లినట్టు మసగ్గా ఉంటుంది."

ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూస్తుంటే, చివరికి ఒకదాంట్లో ఆయన మీసం స్పష్టంగా కనిపించింది. మీసం మీద ఒక వేలిముద్ర కూడా.

పిన్ని రుమాలుతో తుడవబోయింది.

"వద్దు! గీతలు పడితే అద్దం పాడవుతుంది. ఉండనీ, నీ వేలిదేగా!"

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లందరికీ బాబాయి ఆ నాణెం చూపించి, "ఇది మా ఆవిడ వేలిముద్ర," అని గర్వంగా చెబుతాడు. అంత లావు బొటనవేలు కొట్టతనిదేనని పిన్ని అనుమానం. ఆ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు.